రాయి కోసం ప్రార్థన చేయించుకున్నాను

ఆ ఆదివారం చర్చిలో అయ్యగారి ప్రసంగం అయ్యేలోగా మూడుసార్లు లేచి బయటికి వెళ్లాను. మూడోసారీ మూత్రం చుక్కలు చుక్కలుగానే వచ్చింది. అరవై ఆరేళ్లు కదా, వయసేలే అని నాలుగు నెలలు నెట్టుకొచ్చాను. లెక్కల మాస్టారుగా రిటైరైనవాణ్ని, అంత తెలివైన పని చేశాను!

అమలాపురంలో డాక్టరుగారు పీఎస్‌ఏ రక్తపరీక్ష రాశారు. ఎక్కువొచ్చింది. ఎమ్మారై, తర్వాత బయాప్సీ. అన్నిటికీ ఒక్కణ్నే వెళ్లాను.

"ప్రోస్టేట్ క్యాన్సరండి మాస్టారూ. గ్రంథి దాటలేదు, నయం చెయ్యగలిగే స్టేజే. ఈసారి మేడమ్‌గారిని తీసుకురండి, ట్రీట్‌మెంట్ సంగతి మాట్లాడదాం," అన్నారు.

మా ఆవిడకి ఆ చోటు పేరు చెప్పడానికి సిగ్గేసింది. కిడ్నీలో రాయి అన్నాను. ఆవిడ వెంటనే చర్చిలో ప్రార్థన మనవి ఇచ్చింది. అయ్యగారు మైకులో నా పేరు చదివి రాయి కరగాలని ప్రార్థిస్తే సంఘమంతా ఆమెన్ అంది. సోమవారానికి ఇంటినిండా రాయిని కరిగిస్తాయనే కొండపిండాకు, అరటిదూట. రాయి పడేదాకా రాత్రి ఒక్కపూటే తింటానని ఆవిడ తీర్మానించుకుంది. నేను మాత్రం అరటిదూట కూర రెండుపూటలా లాగించాను.

మూడో వారంలో ఆవిడ కళ్లు తిరిగి వంటింట్లో కూలబడింది. నామీద నాకే అసహ్యం వేసింది. అక్కడే కూర్చుని నిజం చెప్పేశాను.

"లేని రాయి కోసం మూడు వారాలు కడుపు మాడ్చేరు కదండీ నన్ను! ముందు అన్నం వడ్డించండి. రేపు ఆస్పత్రికి నేనూ వస్తాను," అంది.

ఆపరేషనైతే ఏమవుద్ది, రేడియేషనైతే ఏమవుద్ది అని ఆవిడే అడిగింది. మూత్రం ఆగకపోవడం దగ్గర్నుంచి కాపురం సంగతి దాకా డాక్టరుగారు విడమరిచారు. నేను తల దించుకున్నాను, ఆవిడ దించుకోలేదు.

రేడియేషన్, హార్మోన్ ఇంజెక్షన్లు అనుకున్నాం. రేడియేషనప్పుడు బ్లాడర్, అదే మూత్రసంచి, నిండుగా ఉండాలని, పది నిమిషాలు ఆపుకోలేనివాణ్ని నీళ్లు తాగి కదలకుండా పడుకోమన్నారు. బ్లాడర్ నిండలేదని రెండుసార్లు టేబుల్ మీంచి దింపేశారు. ఇంజెక్షన్లకి ఒంట్లోంచి ఆవిర్లొచ్చి ఫ్యాను కింద కూడా చెమటలు పట్టేవి.

"నెలసరి ఆగినప్పుడు నేను పడ్డదేనండి ఇది. తెలిసొచ్చిందా?" అని నవ్వేది ఆవిడ.

అంతా అయ్యాక చర్చిలో సాక్ష్యం చెప్పడానికి లేచాను. "నాది రాయి కాదండి, ప్రోస్టేట్ క్యాన్సరు. మీకు అబద్ధం చెప్పేను," అన్నాను. మగవాళ్ల వైపు కూర్చున్నవాళ్లందరూ చాపకేసి చూశారు. బయటికొచ్చాక ఒకాయన నా ముందు నిలబడి గొంతు సవరించుకుంటుంటే, వాళ్లావిడే అడిగేసింది: "ఈయనకీ ధార సరిగ్గా రావట్లేదండి. ఆ రక్తపరీక్ష పేరేంటండీ?" చీటీ మీద రాసిచ్చాను.

ఇప్పుడు నా పీఎస్‌ఏ బాగా తగ్గింది. సైకిల్ మీద బజారుకెళ్తున్నాను. కొత్తగా రిపోర్టు అందుకున్న అన్నదమ్ములకి ఒక్కమాట: ఆ రోజే ఇంట్లో జబ్బు అసలు పేరు చెప్పండి, డాక్టరు దగ్గరికి ఇద్దరూ వెళ్లండి. నేను దాచిన మూడు వారాల్లో నా జబ్బేమీ పెరగలేదన్నారు డాక్టరుగారు. చిక్కి సగమైంది మా ఆవిడ.