చదివి వినిపించిన కాగితం

నిజామాబాద్ బస్టాండుకు దగ్గర్లో, ఒక జిరాక్సు షాపు మీది గదిలో నేను చాలా ఏళ్లుగా పనిచేస్తున్నాను. గల్ఫ్‌కు పోయిన కూలీల ఇళ్లవాళ్లకు కాగితాలు రాసిపెట్టడం, ఎంబసీకి మెయిళ్లు పంపడం, అక్కడున్నవాళ్లతో ఫోన్లో మాట్లాడడం నా పని. మా మెట్లు సంతోషంగా ఎక్కినవాళ్లు లేరు. సంతోషంగా ఉన్నవాళ్లకు మాతో ఏం పని?

నేను చెప్పబోయే ఆమెది కోటగిరి దగ్గర ఊరు. భర్త ఒకప్పుడు చెరకు నరికేవాడు. బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డాక ఆ చుట్టుపక్కల చెరకు తగ్గి వరి పెరిగింది. వరి కోయడానికి మిషన్లు వచ్చాయి. పని దొరక్క అతను సౌదీ పోయాడు. డ్రైవర్ పని అని చెప్పి తీసుకెళ్లి ఖర్జూరపు తోటలో పెట్టారు. ఎక్కడికి పోయినా నాకు మట్టిపనే రాసిపెట్టి ఉంది అని ఫోన్లో నవ్వేవాడట.

నాట్ల రోజుల్లో ఒకనాడు అతని అన్న మా గదికి వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"మా తమ్ముడు పోయిండక్కా."

మధ్యాహ్నం అన్నం తిని పడుకున్నవాడు మళ్లీ లేవలేదట. తోటలో కలిసి పనిచేసే జగిత్యాల వైపు మనిషి ఫోన్ చేసి చెప్పాడట. అప్పటికే వారం కావస్తోంది. ఆమెకు చెప్పారా అని అడిగాను. తల అడ్డంగా ఊపాడు.

"శవం ఎన్నడొస్తదో ఎవలకెరుక? శవం లేని ఇంట్ల ఎన్ని దినాలని ఏడుస్తరు? నీళ్లు గూడ ముట్టది. వచ్చినంకనే చెప్పుకుంటం. నువ్వు గూడ చెప్పకక్కా."

ఇది ఆ ఒక్క ఇంటి తీరు కాదు. మా వైపు చాలా ఊళ్లలో ఇదే అలవాటు. ఊరంతటికీ తెలుస్తుంది, భార్యకు తప్ప. ఆమె బిందె పట్టుకుని వస్తే నల్లా దగ్గర మాటలు ఆగిపోతాయి. మొదట్లో ఈ పద్ధతంటే నాకు ఒళ్లు మండేది. ఒకసారి మొండికేసి, రుద్రూర్ వైపు ఒకామెకు ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. శవం రావడానికి నెల దాటింది. ఆ నెలలో ఆమెను రెండుసార్లు ఆస్పత్రిలో వేశారు. అప్పటినుంచి నాకూ ధైర్యం చచ్చింది.

కానీ శవాన్ని పంపాలంటే భార్య సంతకంతో అంగీకార పత్రం కావాలి. "సెలవు కాయిదం అని చెప్పి తోలుకొస్త" అన్నాడు అతని అన్న. నేను సరేనన్నాను. ఎవరూ నా మెడ మీద కత్తి పెట్టలేదు.

మర్నాడు బావ వెంట ఆమె వచ్చింది. గోళ్లలో నాటు బురద ఇంకా ఉంది. కూర్చోగానే, "మా ఆయన మాట్లాడ్తలేడక్కా" అంది.

"ఫోన్ ఖరాబైందంట" అన్నాను. అబద్ధం అంత తొందరగా నోటికి ఎలా వచ్చిందో.

"ఖరాబైతే నీలం గీతలెట్ల పడ్తున్నయ్?" తన ఫోన్ నా ముందు పెట్టింది. ఆమె మాటలు రికార్డు చేసి పంపిన మెసేజీలు వరసగా ఉన్నాయి. ప్రతిదాని పక్కనా విన్నట్టు నీలం గుర్తు. "ఇంటున్నడు. నా మీద కోపంతోటి మాట్లాడ్తలేడు."

జరిగింది చెప్పింది. ఎండకు పాణం ఆగుతలేదు, వచ్చేస్తానని అన్నాడట భర్త. ఖర్జూరం కోతలైనంక రా, బిడ్డ చదువు నడుమల ఉన్నది అని ఈమె మోటుగా అని ఫోన్ పెట్టేసింది. రెండు రోజులు ఈమె కూడా చేయలేదు. మూడోరోజు నుంచి పంపుతూనే ఉంది. "తప్పయింది, వచ్చెయ్ అని రోజు చెప్తున్న. నువ్వన్న చెప్పక్కా, కోపం ఇడిసిపెట్టుమను."

నేను రోజులు లెక్కపెట్టుకున్నాను. జగడమైన మర్నాడే అతను పోయాడు. ఫోన్ జగిత్యాల మనిషి దగ్గర ఉంది. ఈమె మాటలు వింటున్నది ఆ మనిషే. అప్పుడే చెప్పేయాల్సింది. గోడకు ఆనుకుని నిలబడ్డ బావ వైపు చూశాను. అతను తల దించుకున్నాడు.

ఆమెకు సంతకం వచ్చు, చదవడం రాదు. "ఏమున్నదో సదివి ఇనిపియ్యక్కా, పెడ్త" అంది.

ఇంగ్లీషు కాగితం. రెండో వరుసలోనే చనిపోయిన నా భర్త అని ఉంది. నేను తెలుగులో చదివాను: "నా భర్తకు ఆరోగ్యం బాగాలేనందున, సెలవు మంజూరు చేసి, తొందరగా ఇంటికి పంపించవలసిందిగా కోరుతున్నాను." ఎక్కడా తడబడలేదు. కింద వేలు పెట్టి మరీ వరసలు చూపించాను. వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్లి చేయమన్నారు పెద్దలు, చావుకు ఎన్ని ఆడొచ్చో చెప్పలేదు.

ఆమె ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ సంతకం పెట్టింది. ముఖం తేటపడింది. "రెండు నెలలన్న సెలవడుగు" అంటూ మెట్లు దిగింది. నేను బాత్రూంలోకి పోయి ఏడ్చాను. అందులో సగం నా మీద అసహ్యమే.

సాయంత్రం జగిత్యాల మనిషికి ఫోన్ చేసి, ఆమె మెసేజీలు ఎందుకు తెరుస్తున్నావని తిట్టాను.

"వదిన ఏడ్సుకుంట చెప్తుంటే ఎవలన్న ఇనాలె గదక్కా" అన్నాడు. తర్వాత ఆ చివరి మధ్యాహ్నం సంగతి చెప్పాడు. అన్నం తింటూ అతను నవ్వుతూ అన్నాడట, "మా ఇంటామె మొండిది గని, అన్నది నిజమే. కోతలైనంకనే పోత. రేపు ఫోన్ జేసి చెప్త" అని.

ఆ మాట భద్రంగా దాచుకున్నాను. శవం వచ్చాక ఆమెకు ఇవ్వడానికి నా దగ్గర అదొక్కటైనా ఉందనుకున్నాను.

శవం రావడానికి ఇంకో పద్దెనిమిది రోజులు పట్టింది. ఆమెకు అంబులెన్స్ ఊరి పొలిమేరకు వచ్చాక చెప్పారు. ఆ రోజు నేను వాకిట్లో నిలబడ్డాను గానీ ఆమె ముందుకు పోలేదు. దినాలైనాక వెళ్లాను. గోడకు ఆనుకుని కూర్చుంది. చేతులకు గాజులు లేవు. తిడుతుందనుకున్నాను, తిట్టలేదు. ఒక్కటే అడిగింది.

"నా మీద కోపంతోటే పోయిండా అక్కా?"

లేదని చెప్పాను. జగిత్యాల మనిషి చెప్పినదంతా, అన్నం తింటూ నవ్విన సంగతితో సహా, ఒక్క మాట కలపకుండా చెప్పాను. నా బిడ్డ మీద ఒట్టు అని కూడా అన్నాను.

ఆమె నా ముఖంలోకి చూస్తూ అంతా విన్నది. నమ్మాలని ఆమెకూ ఉంది, అది కనబడుతూనే ఉంది.

"ఆ దినం కాయిదం గూడ గిట్లనే మంచిగ సదివినవ్ గదక్కా" అంది.