నా మణికట్టుల లేని నరం

మొన్న పొద్దుగాల నేనేం చేసిన్నో ఎరుకేనా? ఎనిమిది చీరలను ఒక్క సెకండ్ల ఆగం చేసిన! మా ఆవిడ ఇంకా నాతోని సక్కగ మాట్లాడుతలేదు. చాయ్ తాగుకుంట ఇనుండ్రి, నవ్వద్దు.

మాది నారాయణపేట. నాది మొబైల్ రిపేర్ దుకాణం, మా ఆవిడ సుజాతది మగ్గం. ఇన్నేండ్లు నూలిచ్చి చీరలు కొనే సేటు చెప్పిన రంగులే నేసింది. ఈసారి ఆయనే, "నీకు నచ్చిన రంగులు పెట్టు సుజాతా, చూద్దాం" అన్నడు. ఇగ ఆమె సంబురం చూడాలె! మగ్గానికెక్కే నిలువు పోగులు, గదే పడుగు, వంకాయ రంగు; అంచులకు ఆవపువ్వు పసుపు. ఒక్క పడుగుల ఎనిమిది చీరలు. ఇది ఖరాబైతే మళ్ల ఆమె మాట సేటు ఇనడు.

ముందునాడు మా మరదలు అనిత వచ్చింది. పాలమూరుల ఫిజియోథెరపీ చదువుతాంది. వచ్చుడు వచ్చుడే నా ఎడమ చెయ్యి గుంజింది.

"బావా, బొటనవేలు, చిటికెనవేలు కలిపి మణికట్టు జర లోపటికి వంచు."

వంచిన.

"అగో! నడుమల నరం లెక్క ఒకటి లేవాలె, నీకు లేదు! కోతులు కొమ్మలు పట్టుకునే కండ బావా అది. కొంతమందికి పుట్టుకతోనే ఉండది."

గంతే, నేను ఎటో పోయిన. పచ్చటి అడివి, సన్నగ మంచు. అందరు కొమ్మలకు ఊగుతున్నరు. మా తాతల తాత ఒక్కడే "నాతోని కాదురా" అని మెల్లగ దిగి, చెట్టు మొదట్ల కూసొని మబ్బులు చూస్తున్నడు. ఎంత నిమ్మలంగ ఉన్నడో! సీసా మూతలు నాకెందుకు రావో గప్పుడు సమజైంది. అనిత ఇంకా ఏదో చెప్తనే ఉన్నది. నేను అడివిలనే ఉన్న.

తెల్లారి పడుగును గల్లీ పొడుగూత పరిచినం. ఒక కొసను సుజాత కర్రకు చుట్టుకుంట వస్తది. అనిత నడుమల నిలబడి పోగులు సర్దుతాంది. రెండో కొసను ఇంకొకరు బిర్రుగ పట్టుకోవాలె. ఎప్పుడూ పట్టే పక్కింటి పెద్దమ్మకు జరం వచ్చింది.

"నువ్వే పట్టాలె. ఇడవకు, నీకు దండం పెడుత" అన్నది సుజాత.

"ఇడుస్తనా!" అన్న.

పొద్దుగాలటి ఎండ అప్పుడప్పుడే గల్లీలకు దిగుతాంది. వంకాయ రంగు పోగులు గాలికి సన్నగ వణుకుతున్నయ్. వాటి మీద ఎండ జారుతుంటే గల్లీ కాదు, వాగు లెక్క కనపడుతాంది. ఆ వాగుల నేను మెల్లగ పోతున్న... గప్పుడు యాదికొచ్చింది. అనిత నా ఎడమ చెయ్యే చూసింది. మరి కుడి చేతికి ఉన్నదా, లేదా?

చూడాలంటే బొటనవేలు, చిటికెనవేలు కలపాలె. కలపాలంటే చెయ్యి ఇడవాలె. ఇడిచిన!

ఉన్నది! నడుమల సన్నగ లేచింది! "అనితా, కుడికి ఉన్నదే!" అని ఒర్లిన.

గప్పటికే ఎడమ చేతిలకెల్లి పడుగు జారిపోయింది. పోగులన్ని ఒకదాంట్ల ఒకటి పడి ముద్ద! అటు సుజాత వెల్లకిల పడ్డది గని, కర్ర మాత్రం ఇడువలే.

"నా చీరలు!" అన్నది. ఏడుపు గొంతు.

"నా ఎడమ చేతికి నరం లేదు కద, పట్టు ఎట్లుంటది?" అన్న, మెల్లగ.

అనిత నడుము మీద చేతులు పెట్టుకున్నది. "నిన్న చెప్పిన కద బావా, అది ఉన్నా లేకున్నా పట్టుకు ఫరక్ పడదని! అక్కా, నీ చేతులు చూపియ్."

చూపిచ్చింది. ఆమెకు రెండు చేతులకూ లేదు!

రెండు రోజులు దుకాణం బంద్ పెట్టి, తెగిన పోగులు అతుక్కుంట ముగ్గురం కూసున్నం. పడుగు దక్కింది. ఆఖరికి సుజాత తల ఎత్తకుంటనే, "అనితా, మీ కాలేజీల సోయికి ఏమన్న పరీక్ష ఉన్నదా? మీ బావకు లేనిది గదే" అన్నదట.

అన్నదట అంటున్న ఎందుకంటె, నేను ఇనలే. పోగుల మీద ఎండ చూసుకుంట "ఆఁ, ఏమన్నవ్?" అన్ననని అనిత చెప్పింది.