ఎడం చేత్తో వేసిన సూది

పోయిన సోమవారం పొద్దున్నే జంగారెడ్డిగూడెం నుంచి మావయ్య ఫోన్ చేశాడు. "మీ అత్తయ్య లేవలేదమ్మా. నిద్రలోనే వెళ్లిపోయింది. గుండె ఆగిందంటున్నారు" అన్నాడు.

నాకు ఆవిడ మేనత్త. అక్కడి మెట్ట ఊళ్లన్నిటికీ పశువుల డాక్టరమ్మ. "డాక్టర్ని కాదండీ, అసిస్టెంటుని" అని సర్వీసంతా దిద్దుతూనే ఉంది, ఎవరూ వినలేదు. ఏ పశువునైనా ముట్టుకునే ముందు దాని పేరు అడిగేది. పేరు లేదంటే అక్కడికక్కడే ఒకటి పెట్టి రిజిస్టరులో రాసేది.

పదకొండేళ్ల క్రితం, ఆవిడ యాభై ఒకటో ఏట, ఉన్నట్టుండి మూతి వంకరపోయింది. నెల తిరక్కుండానే కుడిచెయ్యి పడిపోయింది, మాట పోయింది. బీపీ లేదు, షుగర్ లేదు. రాజమండ్రిలో స్కాన్ చూసిన డాక్టరుగారు, "మెదడులో రక్తనాళాలు వాచి సన్నబడిపోయాయండి. ఎందుకో తెలిస్తే గానీ మందు వెయ్యలేను. ఈలోపు ఇంకోసారి పక్షవాతం వస్తే కష్టం" అన్నారు.

రోజూ మంచం పక్కన కూర్చుని ఏవేవో అడిగేవారు. నాలుగో రోజు, "ఈమధ్య పురుగేదైనా కుట్టిందాండీ?" అన్నారు. మావయ్యా నేనూ లేదన్నాం. అత్తయ్య మాత్రం ఎడం చేత్తో నా నోట్‌బుక్కు లాక్కుని, వంకరటింకరగా ఒక గుండ్రం గీసి దానికి కాళ్లు పెట్టింది. ఆరు కాదు, ఎనిమిది. తర్వాత తన మోకాలి వెనక చూపించింది.

పశువుల చెవుల్లో చేరి రక్తం తాగే పిడుదు అది. కొన్ని నెలల ముందు కరిస్తే గిల్లి పారేసి పనిలో పడిపోయిందట. చుట్టూ ఎర్రటి వలయం లేచినా పట్టించుకోలేదట. ఇదంతా తర్వాత చెప్పింది.

వెన్నులోంచి నీరు తీసి పరీక్షకు పంపారు. పిడుదు కాటుతో వచ్చే లైమ్ జబ్బని తేలింది. "మన దగ్గర చాలా అరుదండి. ఆవిడ చెప్పకపోతే నేనింకా వెతుకుతూనే ఉండేవాణ్ణి" అన్నారు డాక్టరుగారు. మాట పడిపోయిన మనిషి తన జబ్బేమిటో తానే చెప్పుకుంది.

కొన్ని వారాలు నరానికి ఇంజెక్షన్లు ఎక్కించారు. మాటలు ఒక్కొక్కటిగా వచ్చాయి. నా పేరు కంటే ముందు గేదెల పేర్లే వచ్చాయి. కుడిచెయ్యి మాత్రం పూర్తిగా రాలేదు. పై ఆఫీసరు, "ఇక ఆఫీసులో కూర్చుని కాగితాలు చూసుకోండమ్మా" అన్నారు. "ఆరు నెలలు టైమివ్వండి సార్" అంది.

ఆ ఆరు నెలలూ పచ్చి బొప్పాయికాయల మీద ఎడం చేత్తో సూది వెయ్యడం నేర్చుకుంది. కాయ పట్టుకునే పని నాది. గురి తప్పితే ఆగి ఊపిరి తీసుకుని మళ్లీ మొదలుపెట్టేది. మొదటిసారి డ్యూటీకి వెళ్లిన రోజు నేనూ వెంట వెళ్లాను. గేదె యజమాని వెనకాడాడు.

"ఎడం చేత్తోనాండీ?"

"గేదెకి ఏ చెయ్యో తెలీదు బాబూ. నొప్పెట్టిందా లేదా, అదే తెలుస్తుంది" అంది. గేదె కదల్లేదు.

ఆ తర్వాత ఏ ఇంటికెళ్లినా పశువుతోపాటు మనుషుల్నీ వదిలేది కాదు. "చదువుకున్నదాన్ని, నేనే నిర్లక్ష్యం చేశాను. మీరు చెయ్యకండి. ఏ జబ్బుకి డాక్టరు దగ్గరికెళ్లినా, పిడుదు కరిచుంటే ఆ సంగతి ముందే చెప్పండి" అనేది. తన పొరపాటును పదిమందిలో అంత తేలిగ్గా చెప్పుకున్న మనిషిని నేను మరొకరిని చూడలేదు. ఒకసారి మేకలు కాసే ఒకామెకు మూతి వంకరపోతే, తనే బస్సెక్కించి రాజమండ్రి తీసుకెళ్లింది. వేళకి మందు అందడంతో ఆమె కోలుకుంది. ఆ సంగతి అత్తయ్య మాతో అనలేదు. మొన్న ఆమే వచ్చి చెప్పింది.

సోమవారం మధ్యాహ్నానికి వాకిలంతా జనం. అందరి తర్వాత ఒక ముసలావిడ చిన్న దూడను తాడుతో పట్టుకుని వచ్చింది. ఇంటి దగ్గర చూసేవాళ్లు లేక వెంట తెచ్చానంది. ఆవిడ దణ్ణం పెట్టుకుంటుంటే దూడ మెడ చాచి అత్తయ్య మీది బంతిపూల దండ అందుకుంది. ఎవరో అదిలించబోయారు.

"తిననివ్వండి" అన్నాడు మావయ్య.

మేమంతా నిలబడి చూస్తుండగా అది తాపీగా ఒక్కో పువ్వే నమిలింది.