ర్యామ్ బల్ల మీదే ఉంది

దయ్యం పట్టిందని జనం నా దుకాణానికి తెచ్చిన రేడియోలు ఎన్ని విప్పానో లెక్కలేదు. ఒకదాంట్లో బల్లి చచ్చి ఉండేది, ఇంకోదాంట్లో తీగ ఊడి ఉండేది. దయ్యం మాత్రం ఒక్కదాంట్లోనూ దొరకలేదు. అందుకే ఆ మాట ఎత్తినవాళ్లతో జీవితమంతా పోట్లాడుతూనే వచ్చాను. ఇప్పుడు నేనే ఇది రాస్తున్నానని నవ్వేవాళ్లు నవ్వండి. కానీ చివరిదాకా చదివి నవ్వండి.

మాది పెద్దవంగర. నేను ఐదో తరగతి దాటలేదు. రేడియోలు, టేప్‌రికార్డర్లు విప్పి బిగించి పని నేర్చుకున్నాను. ముసలితనంలో కంప్యూటర్ కూడా అలాగే నేర్చుకున్నాను. "పలక వట్టనోనికి కంప్యూటరెందుకే" అన్నవాళ్ల పేర్లన్నీ నాకు ఇప్పటికీ గుర్తే.

ఆ కంప్యూటర్‌లో మా అక్క గొంతు ఉంది. పొలంలో నాట్లు వేసేటప్పుడు పాడే పాటలన్నీ మైకు పెట్టి ఆమెతో పాడించాను. పాతది కదా, వెలగడానికి చాలాసేపు పట్టేది. అక్క ఊరుకునేది కాదు. సీపీయూ డబ్బా మీద రెండుసార్లు మెల్లగా తట్టి, "లే బిడ్డా, పొద్దెక్కింది" అనేది. "అదేమన్న పసిపోరా?" అని నేను విసుక్కునేవాణ్ణి.

నిరుడు ఎండాకాలంలో అక్క పోయింది. ఆమె గొంతు ఇంకెక్కడా లేదు. చిట్యాలలో ఉండే ఆమె కూతురు సుజాత, దసరా కాగానే వచ్చి ఆ పాటలు తీసుకుపోతానని ఫోన్ చేసింది.

దసరా నాడు మా ఇంట్లో పనిముట్లకు పూజ. కొడవలి, గడ్డపార, కుట్టుమిషన్, అన్నింటికీ మా ఆవిడే పసుపు కుంకుమలు పెడుతుంది. లోపల వేడెక్కుతోందని నేను సీపీయూ పక్క మూత తీసి ఉంచాను. జమ్మికి పోయి వచ్చి చూద్దును కదా, లోపలి బోర్డు మీద తడి పసుపు, కుంకుమ బొట్లు, పైన అక్షింతలు!

"ఏందే గిది? లోపల బొట్లేంది?" అని అరిచాను.

"పనిజేసేది లోపలిదా, డబ్బానా? నువ్వే గద చెప్పినవ్ అంత లోపల్నే ఉంటదని!" అంది.

మరునాడు మీట నొక్కితే లైటు వెలిగింది, ఫ్యాను తిరిగింది. తెర మాత్రం నల్లగానే ఉంది. బ్రష్షుతో పసుపంతా దులిపాను. ర్యామ్ పట్టీలు తీసి, వాటి పళ్లు రబ్బరుతో రుద్ది మళ్లీ పెట్టాను. లాభం లేదు. బస్సులో ఒళ్లో పెట్టుకుని జనగామకు తీసుకెళ్లాను. అక్కడి దుకాణంలో ఒక కుర్రాడు హార్డ్ డిస్క్ ఊడదీసి తన కంప్యూటర్‌కు తగిలించాడు. నా ముఖం కూడా చూడకుండా చెప్పాడు.

"తాతా, డిస్క్ సచ్చింది. గిది పాతసామానోనికి ఇయ్యి."

చచ్చిందట! ఎవరు చచ్చారో వాడికేం తెలుసు? డిస్కు మళ్లీ బిగింపించుకుని, ఆ డబ్బాతోనే ఇంటికి వచ్చాను.

సుజాత రానే వచ్చింది. చెప్పులు కూడా విడవకముందే, "మామా, కొత్త పెన్‌డ్రైవ్ తెచ్చిన. అవ్వ పాటలు అన్ని పడ్తయా?" అని అడిగింది.

"జర ఆగు బిడ్డా, ఒక్క పరీక్ష చూస్త" అన్నాను.

ఆ పరీక్ష ఏమిటంటే, ర్యామ్ లేకుండా ఏ కంప్యూటరూ తెర చూపించదు. అది తీసేసి మీట నొక్కితే బీప్‌మని కూతలు కూసి, లేదని చెబుతుంది. కూసిందంటే బోర్డుకు ప్రాణం ఉన్నట్టు. నా బోర్డుకు ర్యామ్ పట్టీలు దూర్చే గాళ్లు రెండే. రెండు పట్టీలూ తీసి బల్ల మీద పేపర్లో పెట్టి మీట నొక్కాను. ఫ్యాను తిరిగింది. కూత లేదు.

"ఇగ తప్పంత నా బొట్ల మీదనే పెట్టు" అని మా ఆవిడ గొణిగింది.

సుజాతకు సంగతి అర్థమైపోయింది. కళ్లనిండా నీళ్లతో వచ్చి డబ్బా పక్కన కూర్చుని, రెండుసార్లు మెల్లగా తట్టి, "లే బిడ్డా, పొద్దెక్కింది" అంది. చిన్నప్పుడు తనను వాళ్ల అవ్వ, అంటే మా అక్క, అలాగే లేపేదని తర్వాత చెప్పింది.

తెర వెలిగింది.

"వచ్చింది మామా!" అని సుజాత అరిచింది. నేను తెర చూడటం లేదు, గాళ్లు చూస్తున్నాను. రెండూ ఖాళీ. పట్టీలు బల్ల మీదే ఉన్నాయి. మా ఆవిడ నన్ను పొడిచింది. "గట్ల బీరిపోయి చూస్తవేంది? వచ్చింది గద!"

"పెన్‌డ్రైవ్ పెట్టు బిడ్డా. ఎవ్వలు మాట్లాడకుండ్రి" అన్నాను.

పాటలు ఒక్కొక్కటే ఎక్కాయి, చివరిదానితో సహా. పెన్‌డ్రైవ్ తీసి టీవీకి పెట్టి చూశాం. మొదట దగ్గు, ఆ తర్వాత అక్క గొంతు. నేను నేల మీద కూర్చుండిపోయాను. గుండెల మీద నుంచి బండ దింపినట్టయింది. మా ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "మా వదినెనే" అంది.

కంప్యూటర్ ఆపి మళ్లీ నొక్కాను. ఈసారి నియమం ప్రకారం కూతలు కూసింది. ర్యామ్ పెడితే నల్ల తెర. ఎన్నిసార్లు చేసినా అంతే. డిస్కును మహబూబాబాద్‌లో ఇంకొకరికి చూపించాను. అక్కడా చచ్చిందనే అన్నారు.

చదువుకున్నవాళ్లు నాకు చెప్పని కారణం లేదు. ఒక పట్టీ లోపలే మరిచావన్నారు. గాళ్లు రెండు, పట్టీలు రెండు, రెండూ బల్ల మీద ఉండగా ముగ్గురం చూశాం. ముసలితనపు భ్రమ అన్నారు. మరి పెన్‌డ్రైవ్‌లో పాటలు ఎక్కడి నుంచి వచ్చాయి?

అక్క దయ్యమైందని మాత్రం నేను ఒప్పుకోను. బతికినన్నాళ్లూ ఒకరిని భయపెట్టిన మనిషి కాదు. అయితే మరి అదేమిటి అంటే, నాకు తెలియదు. తెలియదని చెప్పడం నాకు అలవాటు లేదు, అయినా చెబుతున్నాను.

ఆ డబ్బాను పాతసామానువాడికి ఇవ్వలేదు. ఈ దసరాకు మా ఆవిడ పసుపు గిన్నె పట్టుకుని దాని ముందు నిలబడి, "పైన్నే పెట్టాల్నా?" అని ఎకసెక్కంగా అడిగింది.

నేను స్క్రూడ్రైవర్ తెచ్చి పక్క మూత విప్పాను.