కింద ఇంజను, పైన నేను

రెండుసార్లు అయిదో నెలలోనే కడుపు పోయాక, మూడోసారి డాక్టరమ్మ గర్భసంచి మూతికి కుట్టు వేసి పడుకోబెట్టేసింది. కాన్పయ్యేదాకా మంచం దిగొద్దంది. బాత్రూముకి వెళ్లడానికి మాత్రం ఒప్పుకుంది. మా అత్త దానికీ ఒప్పుకోలేదు. ఆసుపత్రి నుంచి వచ్చిన రోజే మంచానికి కాళ్లవైపు ఇటుకలు పెట్టించి, బెడ్‌పాన్ తెప్పించి, గుమ్మంలో చాప వేసుకుని కూర్చుంది.

"లెగిస్తే సంపేస్తాను. ఈసారి నీ మాట ఇనను," అంది.

ఆవిడ మా నాన్నకి సొంత చెల్లెలు. పొందూరు దగ్గర పల్లెలో, నేను పుట్టిన ఇంట్లోనే పుట్టింది. ఆవిడ కొడుకునే చేసుకున్నాను కాబట్టి ఆయన పెళ్లికి ముందూ బావే, తర్వాతా బావే.

మా ఇల్లు విజయనగరం నుంచి నెల్లిమర్ల వెళ్లే రోడ్డులో ఉంది. కింద షాపు, పైన మేము. బావ చెరుకురసం బళ్లు తయారుచేస్తాడు. బండికి రోలర్లు, గేర్లు బిగించి, పక్కన చిన్న పెట్రోలు ఇంజను పెట్టి బెల్టు వేస్తాడు. నేను పాలిటెక్నిక్‌లో మెకానికల్ డిప్లొమా చదివాను. పెళ్లయ్యాక ఇంజన్ల పనంతా నా చేతికొచ్చింది. కార్బురేటర్ విప్పి కడగడం, స్పీడు సెట్ చెయ్యడం, రోలర్ల మధ్య సందు చూడడం నా పనులు. నేను పనిచేసే బల్ల సరిగ్గా నా మంచం కిందే ఉండేది. మధ్యలో స్లాబు ఒక్కటే అడ్డం.

తల కిందికీ కాళ్లు మీదికీ ఉండేసరికి రక్తమంతా మొహంలోకి దిగినట్టుండేది. కిటికీ తీస్తే పక్కింటి గోడ, సిమెంటు కూడా పూయని ఇటుక గోడ. వేసవి కాలం. ఫ్యాను తిరుగుతున్నా వీపు కింద దుప్పటి తడిసిపోయేది. పక్కకి ఒత్తిగిలాలన్నా అత్తని పిలవాలి. జడ ఆవిడే వేసేది, అన్నం ఆవిడే తినిపించేది. చూడ్డానికి వచ్చిన చుట్టాలు మంచం చుట్టూ కూర్చుని, నేనక్కడ లేనట్టే నా గురించి మాట్లాడుకునేవారు. గర్భసంచికి బలం లేదట అని ఒకావిడ అంటే, ఆ ఇనప సామాన్లు ఎత్తబట్టే ఇదంతా అని ఇంకొకావిడ. నేను కళ్లు మూసుకునేదాన్ని. నచ్చనిచోటు నుంచి లేచి వెళ్లిపోగలగడం ఎంత పెద్ద సుఖమో అప్పుడు తెలిసింది.

ఆ రోజుల్లోనే బావ అమ్మిన బండి ఒకటి వెనక్కి వచ్చింది. కొనుక్కున్నాయన దాన్ని ఒక కోచింగ్ సెంటరు ముందు పెట్టుకున్నాడు. ఇంజను నడుస్తుంటే లోపల గదుల్లో గుమ్ముమని ఒకటే మోతట. పాఠం వినబడటం లేదు, మోత ఆపు, లేదా చోటు మార్చు అన్నారట వాళ్లు. ఆయన బండి తోసుకొచ్చి షాపులో పెట్టేసి, బాగుచేసి ఇస్తే తీసుకెళ్తానన్నాడు.

బావ పని మొదలుపెట్టాడు. ఆ మోత నేరుగా నా మంచంలోకి వచ్చేది. చెవికి వినబడేదానికన్నా ఒంటికి తెలిసేది ఎక్కువ. ఇంజను స్పీడు పెంచుకుంటూ పోతే ఒక స్పీడు దగ్గర ఆ గుమ్ము పట్టుకునేది. అప్పుడు పక్కనున్న గ్లాసులో నీళ్లు సన్నగా వణికేవి. నా కడుపు బిగుసుకున్నట్టు అనిపించేది. ఫోను చేసి అడిగితే దానివల్ల ఏమీ కాదంది డాక్టరమ్మ. అయినా మోత వచ్చినప్పుడల్లా రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుని ఊపిరి బిగబట్టేదాన్ని.

అత్త మెట్ల దగ్గరికి వెళ్లి కేకలేసేది. "ఒరే, ఆపరా ఆ దిక్కుమాలిన ఇంజను. పిల్ల పడుకున్నాది."

"పనాపీసి కూకుంటే ఎలాగమ్మా," అని కింద నుంచి బావ.

సైలెన్సరు మార్చాడు. మార్చి ఇంకొంచెం పెద్దది పెట్టాడు. దాని చివర ఇంకొకటి అతికించాడు. ప్రతిసారీ పైకొచ్చి, "ఏటి, తగ్గినాదా?" అని అడిగేవాడు.

"పొగ్గొట్టం సప్పుడు తగ్గినాది బావా. గుమ్ము తగ్గలేదు. అది గాలి పీల్చుకునే వైపు నుంచి వస్తన్నాది. ఎయిర్ ఫిల్టర్‌కి మందపాటి తువ్వాలు సుట్టి సూడు."

"పైన తొంగున్నదానివి నీకేటి కనిపించినాది?"

"కనిపించలేదు. ఇంటన్నాను."

విసుక్కుంటూ దిగిపోయాడు. కాసేపటికి కింద మోత ఒక్కసారి పడిపోయింది. ఆ వెంటనే గాలి చాలక ఇంజను ఆగిపోయింది. తర్వాత మెట్ల మీద అడుగులు. బావ గుమ్మంలో నిలబడి, చేతిలో ఆ తువ్వాలుతోనే, "మరేటి సెయ్యాల సెప్పు," అన్నాడు.

రెజొనేటర్ కట్టాలన్నాను. కార్లలో ఎయిర్ ఫిల్టర్ దగ్గర మూసేసిన డబ్బా ఒకటి ఉంటుంది. గాలి పోయే గొట్టానికి పక్కగా, సన్నటి మెడతో అతికి ఉంటుంది. లోపల ఏ సామానూ ఉండదు, ఒట్టి గాలే. ఖాళీ సీసా మూతి మీద ఊదితే కూత వస్తుంది కదా, ఆ డబ్బాకీ అలాగే తనదంటూ ఒక కూత ఉంటుంది. ఆ కూతా ఇంజను మోతా ఒకటైతే, డబ్బాలో గాలి ఎదురుతోసి మోతని అక్కడికక్కడే చంపేస్తుంది. ఒకటి కాకపోతే డబ్బా ఉన్నా లేనట్టే. డబ్బా పెద్దదైతే కూత బొంగురవుతుంది, మెడ పొడుగైనా అంతే. ఈ సంగతి ఎప్పుడో పరీక్ష కోసం చదివింది. చేత్తో ఎప్పుడూ చెయ్యలేదు.

ముందు ఇంజను ఏ కూత కూస్తోందో తెలియాలి. నాకు తాగే నీళ్లు పోసి పెట్టిన పెద్ద కూల్‌డ్రింకు సీసా మంచం పక్కనే ఉంది. బావ కింద ఇంజన్ని ఆ పాడు స్పీడులో పెట్టి వదిలేశాడు. నేను పడుకునే సీసా మూతి మీద ఊదాను. నాది సన్నగా పలికింది. కొన్ని నీళ్లు బకెట్లో ఒంపి మళ్లీ ఊదాను. కొంచెం బొంగురైంది. మళ్లీ ఒంపాను. రెండూ దగ్గరకొచ్చేసరికి గదిలో చప్పుడు ఊయల ఊగినట్టు పెరుగుతూ తగ్గుతూ వచ్చింది. ఆ ఊగు నెమ్మదించి, నెమ్మదించి, ఒకచోట ఆగింది, రెండు కూతలూ ఒకటయ్యాయి.

"నీళ్లతో ఆటలేటే నీకు, సిన్నపిల్లలా," అంది అత్త. కానీ సీసా మీద కాటుకతో గీత పెట్టమంటే పెట్టింది.

గీత పైన ఎంత ఖాళీ ఉందో అన్ని నీళ్లు పట్టేలా బావ లావుపాటి పీవీసీ పైపు కోసి, రెండువైపులా మూతలు అతికించాడు. సన్నపైపు ముక్కతో మెడ పెట్టి గాలి గొట్టానికి తగిలించాడు. మోత పోలేదు. కొంచెం జరిగిందంతే. ఇదివరకు పట్టే స్పీడు దగ్గర వదిలేసి, ఇంకాస్త పైన పట్టుకుంటోంది. సీసా మూతి గాలిలో ఉంటుంది, ఈ మెడ గొట్టంలో ఉంటుంది, రెండిటికీ తేడా ఉంటుందని అప్పుడు గుర్తొచ్చింది.

తర్వాత కొన్నాళ్లు మెడలతోనే గడిచింది. బావ రకరకాల పొడుగుల్లో పైపు ముక్కలు పైకి తెచ్చి, మంచం పక్కన నేలమీద కూర్చుని రంపం బ్లేడుతో కోసేవాడు. నేను ఒక్కోటీ డబ్బాకి పెట్టి ఊదేదాన్ని. తెల్లటి పొడి దుప్పటంతా పడేది. అత్త దులుపుతూ గొణిగేది. ఆ కాసేపూ నేను పడుకుని ఉన్నానన్న సంగతే మర్చిపోయేదాన్ని. బావ ముక్కలు ఏరుకుని దిగిపోగానే అదే కప్పు, అదే గోడ. కింద నా బల్ల మీద ఆయన సుత్తి పెట్టిన చప్పుడు వినబడేది. ఒక్కోరోజు ఏడుపొచ్చేది. ఏడిస్తే కడుపు కదులుతుందని అత్త ఏడవనిచ్చేది కాదు.

ఫోనులో చప్పుడు కొలిచే యాప్ ఒకటి బావ ఎక్కించుకున్నాడు. ఇంజను పక్కన స్టూలు మీద ఫోను పెడితే చప్పుడు గీతలా పడుతుంది. పైకి తెచ్చి చూపించేవాడు. మెడ పొట్టిచేస్తే గీతలో శిఖరం లేచేది, కొంచెం పొడుగు పెడితే అణిగేది. ఒకరోజు చూపించినప్పుడు శిఖరం ఉండాల్సినచోట గొయ్యి ఉంది. ఇద్దరం చాలాసేపు చూశాం. రోలర్లలో చెరుకు పెట్టి, బరువు మీద కూడా ఇలాగే ఉంటుందేమో చూడాలన్నాను. "రేపు సెరుకు గెడలు తెప్పిత్తాను," అన్నాడు.

మర్నాడు అత్త కూరలకి బయల్దేరింది. కుక్కలొస్తన్నాయని మెట్ల గ్రిల్లుకి బయట గడియ పెట్టింది. కింద బావ ఇంజను వేశాడు. చెరుకు నలుగుతున్న పటపట వినబడింది. గుమ్ము రాలేదు. గ్లాసులో నీళ్లు కదల్లేదు. అప్పుడే నడుములో నొప్పి మొదలై ముందుకి వచ్చింది. పోతుందేమోనని ఆగాను. మళ్లీ వచ్చింది. బావకి ఫోను చేశాను. ఎత్తలేదు. మళ్లీ మళ్లీ చేశాను. ఆ ఫోను స్టూలు మీద చప్పుడు కొలుస్తోంది. రింగు కలిస్తే గీత పాడవుతుందని సైలెంటులో పెట్టాడట. కేక వేద్దామంటే పొట్ట బిగించాలి, భయమేసింది. లేవకూడదు. లేచినా గ్రిల్లు గడియ బయట ఉంది. చెయ్యి కిందికి వేలాడేసి, స్టీలు గ్లాసుతో నేలని కొట్టడం మొదలుపెట్టాను. కొడుతూనే ఉన్నాను. నీళ్లన్నీ నా చెయ్యి మీదే ఒలికిపోయాయి.

ఇంజను ఆగింది. నేను కొడుతూనే ఉన్నాను. పరుగున అడుగులు, గ్రిల్లు తెరుచుకున్న చప్పుడు.

"ఇంజన్లో టాపెట్ కొడతన్నాదనుకున్నాను," అన్నాడు బావ, చేతులనిండా గ్రీజుతో. "ఆపీసినా సప్పుడు వస్తన్నాది. అప్పుడు తెలిసినాది."

"బేగి ఆటో పిలు," అన్నాను.

మోసుకుని దింపాడు. ఆటోలో వెనకసీటు మీద పడుకున్నాను. దారిలో అత్త ఎదురొచ్చి, కూరల సంచీతోనే ముందు ఎక్కేసింది. నా మొహం చూడలేక రోడ్డు వైపే చూసింది. పాత మోత అలాగే ఉండి ఉంటే నా గ్లాసు చప్పుడు వినబడేదా అని బావ తర్వాత చాలాసార్లు అడిగాడు. నాకు తెలియదు. వినబడింది, అంతే.

నొప్పులు ఇంజక్షన్లతో ఆపారు. మళ్లీ ఇంటికి పంపలేదు. ఆసుపత్రి వార్డులో ఇంకో మంచం, ఇంకో కప్పు. నెలలు నిండకుండానే పాప పుట్టింది. చిన్నది, కానీ గట్టిగా ఏడ్చింది. కొన్నాళ్లు అద్దాల పెట్టెలో ఉంచి మాకిచ్చారు. ఈలోగా చెరుకు బండి ఆ డబ్బాతోనే కోచింగ్ సెంటరు ముందుకి వెళ్లింది. మళ్లీ ఎవరూ గొడవ పెట్టలేదట. ఆ కబురు నాకు వార్డులో తెలిసింది. సరే అన్నాను. నా ధ్యాసంతా పాప బరువు మీద ఉంది.

ఇంటికొచ్చాక పురిటిగది. వానలు పడుతుండగా మొదటిసారి మెట్లు దిగాను. కాళ్లలో బలం లేదు, గోడ పట్టుకుని దిగాను. బావ కొత్త బండికి డబ్బా బిగిస్తున్నాడు. కుర్చీ జరిపి, "ఇను, మెడ సరిపోనాదా లేదా," అని ఇంజను వేశాడు. నేను వంగి వినబోయేసరికి పైన పాప ఏడ్చింది. జాకెట్టు పాలతో తడిసింది. అత్త పిలిచింది. మళ్లీ గోడ పట్టుకుని ఎక్కాను.

ఇప్పుడు పాప నడుస్తోంది. మధ్యాహ్నాలు అత్త దగ్గర వదిలి షాపులో పనిచేస్తున్నాను. ఇంజను సైజు మారిన బళ్లకి మెడలు నేనే కోస్తున్నాను. ఒక మగపిల్లాడు కూడా ఉంటే బాగుండునని అత్త ఈ మధ్య అన్నం వడ్డిస్తూ అంటోంది. మళ్లీ కడుపొస్తే మళ్లీ కుట్టూ మంచమూ తప్పవని డాక్టరమ్మ ముందే చెప్పింది.

మొన్న షట్టరు దించుతూ బావ అన్నాడు, "ఈసారైతే నిన్ను పైన పడుకోబెట్టం. వెనకాల సామాన్ల గది ఖాళీ సేసి అక్కడే మంచం ఏద్దాం. నాను కళ్లముందే ఉంటాను."

మంచి మనసుతోనే అన్నాడు. ఆ గదికి కిటికీ లేదు. నేను చేతులు కడుక్కుంటున్నట్టు కుళాయి దగ్గరే చాలాసేపు నిలబడ్డాను.