ఎల్డన్ డై జోలికి ఎవరూ పోరు

ఆదివారం పొద్దున పాన్‌కేకులు తిరగేస్తూ ఏప్రాన్ జేబులో చెయ్యి పెట్టిన ఆర్లిస్ వేళ్లకు చల్లగా చిన్న రెంచీ ఒకటి తగిలింది. ఆ రెంచీ ఆమెది కాదు, ఎల్డన్‌ది. అది తన జేబులో ఉందంటే బుధవారం వాడి షెడ్డులో తను చేసిన పని చేసినట్టే వదిలేసి వచ్చిందన్నమాట.

బడిపిల్లలకు వండి వండి రిటైరైన ఆర్లిస్‌కి పిస్తోలు తూటాలు స్వయంగా చేసుకోవడం ఓ పిచ్చి. మాంటానాలో ఆ పిచ్చి లేనివాళ్లనే వింతగా చూస్తారు. కాల్చేసిన ఇత్తడి గొట్టాలు ఏరుకొచ్చి, కడిగి, కొత్తగా మందు పోసి, ప్రెస్ యంత్రం పిడి లాగి, గొట్టం నోట్లో సీసపు గుండు కూర్చోబెడుతుంది. గుండు ఎంత లోతుగా కూర్చోవాలో చెప్పేది డై. ప్రెస్‌కి తగిలించే, మరలు చుట్టిన ఉక్కు గొట్టం, అంతే. దాన్ని కిందికి తిప్పితే గుండు లోపలికి దిగుతుంది, పైకి తిప్పితే బయటికి నిలుస్తుంది. సరిగ్గా కుదిరాక చిన్న రెంచీతో రింగు బిగించేస్తారు. ఇక ఆ డైని వేరొకరు ముట్టుకోవడమంటే, అడక్కుండా ఒకరి కట్టుడుపళ్లు పెట్టుకోవడమే.

పంపులు బాగుచేసే ఎల్డన్ ఈ విషయంలో మరీ చాదస్తుడు. పోయిన పెళ్లాన్ని కూడా బతికున్నన్నాళ్లూ షెడ్డులోకి రానివ్వలేదని ఊరంతా చెప్పుకుంటారు. అలాంటివాడు మంచు కరిగే రోజుల్లో ఆర్లిస్ చేతిలో షెడ్డు తాళం పెట్టి, "నీ ప్రెస్ విరిగిందిగా, నాది వాడుకో. నా డై మాత్రం ముట్టుకోకు" అన్నాడు. ఆ వెంటనే, అదే గొంతుతో, "నన్ను పెళ్లి చేసుకుంటావా?" అనీ అడిగాడు. ఆర్లిస్‌కి ముఖం ఎర్రబడింది. క్లబ్బు పిస్తోలు పోటీ రోజున చెబుతానంది. ఇష్టం లేక కాదు. ఇద్దరూ ఎవరి పద్ధతిలో వాళ్లు బిగుసుకుపోయిన మనుషులు. ఒక కప్పు కింద ఇమడగలరా అని ఆమె భయం.

ఆ పోటీ ఈరోజే. బుధవారం సొంత డై తీసుకెళ్లడం మరిచిపోయి, "ఒక్క చుట్టేగా, మళ్లీ పెట్టేస్తా" అనుకుంటూ ఎల్డన్ డైనే పైకి తిప్పింది. ఆమె వాడేవి గుండ్రటి ముక్కు గుండ్లు. ఎల్డన్‌వి చదును ముక్కువి, పొట్టివి. ఇంతలో ఓవెన్‌లో పెట్టొచ్చిన రుబార్బ్ కాడల తీపిరొట్టె గుర్తొచ్చి, రెంచీ జేబులో పడేసుకుని, డై దించకుండానే పరుగెత్తింది. రొట్టె దక్కింది, బుద్ధి గడ్డి తింది. ఆ డైలో చేస్తే ఎల్డన్ గుండ్లు బయటికి పొడుచుకొచ్చి, పిస్తోలు మూతపడదు. వాడికి కాస్త చెవుడు, ఫోన్ ఎత్తడు. తాళంతో పాటు అడిగిన మాట కూడా వెనక్కి తీసుకుంటాడేమోనని ఆర్లిస్‌కి ఏడుపు వచ్చింది. స్టవ్ ఆర్పి, ఏప్రాన్‌తోనే ట్రక్కెక్కింది.

క్లబ్బు మైదానంలో ఎల్డన్ అప్పుడే కాల్చే గీత మీద నిలబడ్డాడు. క్లబ్బు నడిపే వెర్నా పక్కనే పాత ఆవుగంట వేలాడుతోంది. సొంత తూటా ఇరుక్కుంటే ఆ గంట మెడలో వేసుకునే భోజనం చెయ్యాలి. చూసేవాళ్లకు కట్టిన తాడు దాటి గీత దగ్గరికి వచ్చినవాళ్లకూ అదే శిక్ష. ఇన్నేళ్లలో గంట ఎరగని మెడ ఎల్డన్‌దొక్కటే.

ఆర్లిస్ తాడు దాటేసింది. "ఆగు ఎల్డన్! ఆ తూటాలు పట్టవయ్యా! నీ డై నేను తిప్పేశాను!"

ఎవరో ముసలాయన చావు కబురు విన్నట్టు టోపీ తీశాడు.

ఎల్డన్ పిస్తోలు బల్ల మీద పెట్టి, దాని గొట్టం ఊడదీసి, అందులోకి ఒక తూటా వదిలాడు. టక్! నిండా దిగింది. తలకిందులు చేస్తే జారి ఆర్లిస్ అరచేతిలో పడింది. ఆమె కళ్లు పెద్దవయ్యాయి.

"ఇది గుండ్రటి ముక్కుది కదా!"

"నువ్వు వాడే రకమే."

"నువ్వు చచ్చినా చదునువి తప్ప ముట్టుకోవుగా?"

"గురువారం చూస్తే డై తిరిగి ఉంది. దించుదామని చెయ్యి వేశా. ఎందుకులే అనిపించింది. ఊళ్లోకి పోయి నీ రకం గుండ్లు తెచ్చుకున్నా. శుక్రవారమంతా కాల్చి చూసుకున్నా, బాగానే ఉన్నాయి."

"ఓరి నీ ఇల్లు బంగారం గానూ! డై మార్చుకోవడం మానేసి గుండు మార్చుకున్నావా?"

"అది నువ్వు అమర్చింది" అన్నాడు ఎల్డన్. "దాని జోలికి నేనెలా పోతాను?"

ఆర్లిస్‌కి నవ్వాగలేదు. కడుపు పట్టుకుని, కళ్లు తుడుచుకుని, మళ్లీ మొదలుపెట్టింది. వెర్నా గంట పట్టుకొచ్చింది. "ఒసే ఆర్లిస్, నవ్వింది చాలు. తాడు దాటావు, మెడ వంచు."

ఆర్లిస్ సంతోషంగా మెడ వంచి గంట వేయించుకుంది. ఎల్డన్ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని ముందుకు వంగాడు. "ఏదో చెబుతానన్నావుగా ఈరోజు. కాస్త గట్టిగా చెప్పు, నాకు వినబడదు."

ఆర్లిస్ ఔనన్నట్టు తల ఊపింది. ఊపుతూనే ఉంది. గంట గణగణా మోగి, అటు పొలాల్లో ఆవులు తలెత్తి చూశాయి.

"వినబడింది" అన్నాడు ఎల్డన్.