ఉస్తాద్ మడమ

ఆ రోజుల్లో బోధన్‌లో పెళ్లి పెట్టుకుంటే ముందు ముహూర్తం చూసేవారా, మా బ్యాండు ఖాళీ ఉందా అని చూసేవారా అంటే, నేను బ్యాండువాణ్ణి కాబట్టి బ్యాండే అంటాను. ఇప్పుడు డీజే బండి వస్తే కిటికీలు వణుకుతాయి గానీ, అప్పుడు మేం పన్నెండు మందిమి ఎర్రకోట్లు వేసుకుని వీధి మలుపు తిరిగితే, పొయ్యి మీద పాలు పొంగుతున్నా సరే ఆడవాళ్లు గడపలోకి వచ్చి నిలబడేవారు. నాకప్పుడు ఇరవై రెండేళ్లు. మూడో ట్రంపెట్ నాది. (అంటే మొదటి ఇద్దరూ ఊపిరి తీసుకునేటప్పుడు ఆ సందు పూడ్చేవాణ్ణి.) ఊదేటప్పుడు బుగ్గలు ఉబ్బించొద్దని ఎంత చెప్పినా నావి బూరెల్లా పొంగేవి కనుక బ్యాండులో నా పేరు ‘బుగ్గలోడు’. కొన్నాళ్లకు మా అవ్వ కూడా అదే పేరుతో అన్నానికి పిలవడం మొదలుపెట్టింది.

మాకు ట్రంపెట్ నేర్పింది ఉస్తాద్. పగలంతా మిషన్ మీద షేర్వాణీలు కుట్టి, పొద్దుగూకే ముందు మాకు పాఠం చెప్పేవాడు. బారాత్ గోలలో ఎవరి మాటా ఎవరికీ వినబడదు కదా, అందుకని ఆయన ఒక పద్ధతి పెట్టాడు. వరుస ఆగిన చోట అందరం ముందు నిలబడ్డ ఆయన మడమ చూడాలి. మడమ లేస్తే ఊదాలి, దిగితే ఆపాలి. ఆ వయసులో నేను ఆడపిల్లల ముఖాలకంటే ఆ పగుళ్ల మడమనే ఎక్కువ చూశాను. (మా ఆవిడ దీన్ని ఇప్పటికీ నమ్మదు.)

మాఘమాసం పెళ్లిళ్లకు ముందు ఒక ఆదివారం పొద్దున, మా బ్యాండులో ఒకప్పుడు ట్రంపెట్ ఊదినవాళ్లను సన్మానించడం మా ఆనవాయితీ. కాలం చేసినవాళ్ల ట్రంపెట్లను బెంచీ మీద వరుసగా పెట్టి దండలు వేస్తాం. ఉన్నవాళ్లలో పెద్దాయన వాకిట్లోనే సభ జరుగుతుంది. ఆయన సలాం పాట ఊదితే సీజన్ మొదలైనట్టు, దండ ఆయన మెడలో పడుతుంది. ఊదలేకపోతే మాత్రం ఆయన బాజాను (ట్రంపెట్‌ను మేం అలాగే అంటాం) కూడా బెంచీ మీద పెట్టి దండ దానికే వేస్తాం. ఇంత కఠినమైన రూలు పెట్టిన మహానుభావుడు ఎవరో కాదు, మంచి వయసులో ఉన్నప్పటి ఉస్తాదే.

ఆ యేడు పెద్దాయన వంతు ఉస్తాద్‌కే వచ్చింది. సభ ఇంకా నాలుగు రోజులుందనగా ఆయన రుద్రూర్ నుంచి వచ్చిన చెరుకు గడను, “ఈ కాలం పోరగాండ్లకు కత్తి గావాలె, నాకెందుకురా” అంటూ పళ్లతోనే చీల్చబోయాడు. ముందరి రెండు పళ్లు గడతోపాటే వచ్చేశాయి. ముందు పళ్లు లేకపోతే పెదవికి దన్నుండదు, ట్రంపెట్ పలకదు. నన్ను ఇంటికి పిలిపించి, తలుపు దగ్గరకు వేసి, తువ్వాల నోటికడ్డం పెట్టుకుని మాట్లాడాడు.

“బేటా, ఊదితే గాలొస్తున్నది గని సప్పుడొస్తలేదు. నేను బతికుండంగనే నా బాజాకు దండ పడాల్నారా?”

ఆయన కళ్లలో నీళ్లు చూడటం అదే మొదటిసారి. నాకేం చేయాలో తోచక, ఏం చెప్పినా చేస్తానన్నాను. ఆయన చెప్పింది ఇది: ఆయన కుర్చీ గుమ్మం పరదాకు ఆనించి వేస్తారు. నేను నా ట్రంపెట్‌తో పరదా వెనుక దాక్కోవాలి. ఆయన బాజా నోటి దగ్గర పెట్టుకుని మడమ లేపగానే నేను ఊదాలి. పరదా కింది నుంచి మడమ ఎలాగూ కనిపిస్తుంది. ఆయన భార్య, మా అందరికీ చాచీ, ఇదంతా విని, “ముసలోని అక్కల్ గూడ పండ్లతోనే ఊడిపోయింది” అని లోపలికి వెళ్లిపోయింది.

ఆదివారం పది గంటలకు వాకిలి నిండిపోయింది. ప్రతి యేడూ దండలు తెచ్చే మాక్లూర్ పసుపు పటేల్, ఉస్తాద్ బాజాను చేతిలో పట్టుకుని ఆయన గొప్పతనం చెబుతున్నాడు. నేను పరదా వెనుక నేలకు వంగి, ట్రంపెట్ నోటికి పెట్టుకుని మడమనే చూస్తున్నాను. చాచీ పెంచుకునే కోడిపెట్ట కుర్చీ కిందికి దూరడం నేను చూడలేదు. దానికి ఆ పగుళ్లలో ఏం కనబడిందో గానీ టక్కున పొడిచింది. మడమ లేచింది. ఊదాను! మడమ దిగింది. ఆపాను. కోడి మళ్లీ పొడిచింది. మళ్లీ ఊదాను. ఇలా మూడుసార్లు. శిష్యుడంటే అలా ఉండాలి మరి.

పటేల్ తన చేతిలో తనంతట తానే మోగిన బాజాను పాముని చూసినట్టు చూసి, “ఓరి నీయవ్వ, గిదేందిరో!” అన్నాడు. ఒక్కసారిగా నవ్వులు. నాకైతే అక్కడికక్కడే భూమిలోకి దిగిపోవాలనిపించింది. ఉస్తాద్ మెల్లగా లేచి, నోటికడ్డం పెట్టుకున్న తువ్వాల తీసేసి, అందరి ముందూ నోరు తెరిచి చూపించాడు.

“పండ్లు లెవ్వు. ఊదరాదు. పోరనిది తప్పులేదు, నేనే జెప్పిన. రూలు రూలే. దండ బాజాకే ఎయ్యుండ్రి.”

నవ్వులు ఆగిపోయాయి. మా బ్యాండులో పెద్ద డోలు వాయించే డోలు మామ దండ పట్టుకుని ముందుకూ రాలేడు, వెనక్కూ పోలేడు. అప్పుడు పరదా తప్పించుకుని నేనే బయటికి వచ్చాను. ఎక్కడి నుంచి వచ్చిందో ఆ ధైర్యం! “వేళ్లయితే ఉన్నయి గదా ఉస్తాద్,” అన్నాను. “మీటలు మీరొత్తుండ్రి, నేనూదుత.”

ఆయన మళ్లీ కుర్చీలో కూర్చుని, నన్ను పక్కన మోకాళ్ల మీద కూర్చోబెట్టుకున్నాడు. బాజా మూతి నా నోటికి, మీటలు ఆయన వేళ్లకు. సలాం పాట సగందాకా బాగానే సాగింది. ఆ తర్వాత ఆ ముసలాయన (కావాలనే, ఇప్పటికీ ఒట్టేసి చెబుతాను) చప్పున బారాత్ డ్యాన్సు పాటలోకి దూకాడు. ఏ మీట ఎప్పుడు నొక్కుతాడో తెలియదు, పెదవి బిగించాలో వదలాలో తెలియదు. రెండు చోట్ల నా బాజా మేకలా అరిచింది. ఎవరికి పట్టింది! పటేల్ పంచె పైకి కట్టి ఎగిరాడు. పరదా పక్కన చాచీ కొంగుతో కళ్లు తుడుచుకుంటోంది.

డోలు మామ దండను మా ఇద్దరి మెడలకూ కలిపి వేయబోయాడు. ఉస్తాద్ చెయ్యి అడ్డం పెట్టి, “వానికెందుకురా, వానికింక టైముంది” అని తానొక్కడే వేయించుకున్నాడు. ఆ తర్వాత ఇంకో మూడు మాఘాలు మేమిద్దరం ఒక్క బాజా ఊదాం. ఇప్పుడు ఆ బాజా బెంచీ మీద ఉంటుంది.

ఈ యేడు పెద్దాయన వంతు నాది. ముందు రోజు డోలు మామ మనవరాలు, మా బ్యాండులో ట్రంపెట్ ఊదే డిగ్రీ పిల్ల, ఇంటికొచ్చి, “తాతా, నేను పక్కన కూసోవాల్నా?” అని అడిగింది. “నా పండ్లు నాకున్నయి, పో!” అని కసిరాను. పళ్లు ఉన్న మాట నిజమే. మర్నాడు సభలో సలాం పాట మూడో వరుస దాటేసరికి ఊపిరే లేకపోయింది. కళ్లు బెంచీ వైపు పోయాయి. అంతలో ఆ పిల్ల పక్కన మోకాళ్ల మీద కూర్చుని పిడికిలి విప్పింది. అందులో తన ట్రంపెట్ నుంచి ఊడదీసిన మూతి ఉంది, పొద్దుటి నుంచీ పట్టుకుని ఉంటుంది, ముట్టుకుంటే వెచ్చగా ఉంది. నా బాజాకున్న మూతి తీసి, దాని బదులు అది పెట్టి, ఊదడం మొదలుపెట్టింది.

నేనూ ఊరుకోలేదు. సగంలో డ్యాన్సు పాటలోకి దూకాను. ఆ పిల్ల ఒక్క చోటా తప్పలేదు. (కొంచెం కోపం కూడా వచ్చింది.) వాళ్ల నాన్న దండ తెచ్చి ఇద్దరి మెడలకూ వేయబోతే చెయ్యి అడ్డం పెట్టాను.

“దానికెందుకురా, దానికింక టైముంది,” అన్నాను. అన్నాక చూసుకుంటే, నా మడమ గాల్లో ఉంది.